ఎండ కాసిన రోజు

బెర్గెన్‌లో వాన అందరి పరువూ కాపాడుతుంది.
పంతొమ్మిది రోజులు ఏకధారగా కురిసినన్నాళ్లూ
ఏ బండికీ ఏ లోపమూ లేదు.
ఇరవయ్యో నాడు కొండ భుజం మీంచి
ఎండ ఓ పూట తొంగిచూసిందా,
ఇక నా ఫోను ఊరుకోదు.

ఓడ్‌మున్ అలాంటి మధ్యాహ్నమే వచ్చాడు.
నల్ల వోల్వో. ముప్పై ఏళ్లు ఫెర్రీ నడిపిన మనిషి,
రేవుకు చేర్చినట్టే బండిని
అంగుళం అంగుళం నా షెడ్డులోకి చేర్చాడు.
దిగుతూనే:
"పక్కింటి పిల్లాడి పని ఇది, తూరున్.
స్కూటరుతో రాసుకుపోయాడు. చూడు, ఒళ్లంతా.
వేసవి నుంచి వాళ్లతో మాటల్లేవు."

షట్టరు దించాను. దీపాలన్నీ ఆర్పి
చేతిలో ఒక్క లైటు పట్టుకున్నాను.
బోనెట్ మీద వెలుగు పడ్డచోట
దాని చుట్టూ సన్నగా, మరీ సన్నగా
వేల గీతలు సాలెగూడు కట్టాయి.
లైటు జరిపితే గూడూ జరిగింది
తల్లి వెంట మేకపిల్లలా.

"ఎన్నేళ్లు అబ్బాయికి?"
"పదకొండు."
"పదకొండేళ్లకి ఇంత ఓపికా?
కక్షతో గీసేవాడు ఒక్క గీత గీసి పారిపోతాడు.
గుండ్రంగా, ఇంత శ్రద్ధగా ఎవరు గీస్తారు?
పైకప్పు మీదా ఉన్నాయి.
వాడికి కప్పు అందుతుందా?"

జవాబు లేదు.
దేంతో కడుగుతారని అడిగాను.
ఆదివారం ఆదివారం, చర్చి మానినా మానని నియమం.
ఒకే బకెట్టు, ఒకే స్పాంజి. పసుపుది. ఏళ్లనాటిది.
కింద పడితే తీసి, దులిపి, మళ్లీ తుడవడమే.
చలికాలం రోడ్ల మీద చల్లిన ఇసుక
ఆ స్పాంజిలో కాపురం పెట్టిందని
నేను చెప్పక్కర్లేకపోయింది.
అప్పటికే ఆయన
తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంటున్నాడు.

రబ్బరు అంచులకి టేపు అంటించాను.
రంగు మందం కొలిచాను: నూట పన్నెండు, నూట తొమ్మిది,
ఎడమ వెనక తలుపు దగ్గర తొంభై ఆరు.
ఆ నలుపూ, దాని మీది గాజులాంటి పొరా, అన్నీ కలిపి
మనిషి వెంట్రుక కన్నా ఓ పిసరు ఎక్కువ.
అంతే బండి అందం.

గీతని ఎవరూ తీసేయలేరు.
చుట్టూ ఉన్నదాన్నే అరగదీసి
గీత అడుగు దాకా దించుతాం.
గీతకి మందు ఇంకా సన్నటి గీత,
దానికి మందు అంతకన్నా సన్నటిది,
చివరికి కంటికి ఆననంత.
ఇలా ఎన్నిసార్లు చేయొచ్చు, అన్నాడు.
రెండు. మహా అయితే మూడు.

మిషను హోరులో ఆరు గంటలు.
ఆయన ఇంటికి వెళ్లలేదు.
నూనె డబ్బా మీద కూచుని
తెల్లమందు పూసిన చోటల్లా తుడిచాక
తన ముఖం తేలడం చూశాడు,
ముందు చెవి, తర్వాత టోపీ.

ఎడమ తలుపు మీద మాత్రం ఒక గీత నిటారుగా ఉంది.
గోరు పెట్టి లాగాను. గోరు ఆగింది.
గోరు ఆగిన చోట నా పనీ ఆగాలి.
"ఇది వాడిదే కావచ్చు," అన్నాను.
ఎందుకన్నానో. ముసలాయనకి
ఏదో ఒకటి మిగల్చాలనిపించింది కాబోలు.
వంగి చాలాసేపు చూశాడు.
"కాదు. ఫిబ్రవరిలో స్కీలు దించుతూ, నేనే."

షట్టరు ఎత్తేసరికి మళ్లీ వాన.
అంత మెరుపూ రెండు నిమిషాల్లో
ఊళ్లో అన్ని బండ్లలాగే అయిపోయింది.
డబ్బిచ్చాడు. అబ్బాయి మాట ఎత్తలేదు.

సోమవారం షెడ్డు గుమ్మంలో
పాత పేపర్లో చుట్టిన పొట్లం. ఆ స్పాంజి.
సింకులో పిండితే నల్లనీళ్లు,
వేళ్ల మధ్య గరగర.
పారేయలేదు. నేల తుడవడానికి వాడుతున్నాను.

మొన్న మళ్లీ ఎండ కాసింది. ఫోను.
"రెండు బకెట్లు అన్నావు కదా,
ఒకటి సబ్బుకి, ఒకటి కడగడానికి?"
"అవును."
"ఎంత పెద్దవి కొనాలి?
పదకొండేళ్లవాడు ఎత్తగలిగేవి ఉంటాయా?"

సగమే నింపమన్నాను.